పట్టూ విడుపూ

మన తెలుగువాళ్ళు గ్రహణానికి ఎంత ముచ్చటైన మాటలు పెట్టుకున్నారో చూడండి. సూర్యుడి మీదికి నీడ పాకడం మొదలైతే "పట్టింది" అంటాం. తొలగిపోతే "విడిచింది" అంటాం. పట్టగానే చేసేది పట్టు స్నానం, విడిచాక చేసేది విడుపు స్నానం. ఈ రెండు మాటలే మన సంసారాల్లోనూ తిరుగుతుంటాయి. "ఎంతసేపూ పట్టేనా తల్లీ, కాస్త విడుపు కూడా ఉండొద్దూ?" అని కొత్త కోడలికి చెప్పని ముసలమ్మలు ఉంటారా! గ్రహణాల చరిత్ర తిరగేస్తుంటే నాకు పదే పదే తోచింది ఒక్కటే. పట్టు సంగతి మనకు బాగా తెలుసు. విడుపే ఆలస్యంగా నేర్చుకుంటున్నాం.

ఖగోళశాస్త్రం చదివినవాళ్ళకు గ్రహణమంటే ఓ లెక్క. సూర్యుడికీ భూమికీ మధ్య చంద్రుడు అడ్డం వస్తాడు, అతని నీడ భూమి మీద పడుతుంది, అంతే. మన ఇళ్ళల్లో మాత్రం అది అచ్చంగా ఇంటి వ్యవహారం. పంచాంగం చూసి వేళ చెప్పేది మగవాళ్ళయినా, దాన్ని నడిపించే భారమంతా ఆడవాళ్ళదే. సూర్యగ్రహణమైతే నాలుగు జాముల ముందునుంచే భోజనం కూడదు. ముసలివాళ్ళకూ, పసివాళ్ళకూ, రోగిష్టివాళ్ళకూ సడలింపు ఉంది. చూశారా, శాస్త్రంలోనే విడుపు! పాలగిన్నె మీదా, ఊరగాయ జాడీ మీదా దర్భపోచ వెయ్యాలి. మిగిలిన అన్నం పశువుల కుడితిలోకి పోవాలి. ఆ తరువాత ఇల్లు కడగాలి, తలంటుకోవాలి, తడి ఆరకముందే పొయ్యి రాజెయ్యాలి. గ్రహణం రెండు గంటలే, దాని చాకిరీ మాత్రం రెండు రోజులు.

నెల్లూరు నుంచి సముద్రం వైపు వెళితే వచ్చే ఇందుకూరుపేట మా పుట్టినూరు. అక్కణ్ణుంచి మరికాస్త తూర్పుకు పోతే మైపాడు, ఆపైన బంగాళాఖాతం. సముద్రం అంత దగ్గర కాబట్టి మావాళ్ళకు నూతి దగ్గర పట్టు స్నానం చేస్తే తృప్తి ఉండేది కాదు. బండ్లు కట్టుకుని, పిల్లాజెల్లాతో మైపాడు పోయి, గ్రహణం పట్టిన వేళ అలల్లో నిలబడి మూడు మునకలు వేస్తే గానీ పుణ్యం దక్కినట్టు కాదు. ఇంట్లో మిగిలిన ఆడవాళ్ళు ఇత్తడి పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి, మధ్యలో రోకలి నిలబెట్టేవాళ్ళు. గ్రహణం ఉన్నంతసేపూ అది నిలబడుతుందనీ, విడవగానే పడిపోతుందనీ నమ్మకం. అడుగు సమంగా ఉన్న రోకలి మామూలు రోజున కూడా నిలబడుతుందనుకోండి. మామూలు రోజున దాన్ని నిలబెట్టి చూసే తీరిక ఏ ఇల్లాలికుంది?

ఇదంతా మూఢత్వమని కొట్టిపారేస్తే మన పంచాంగకర్తలకు అన్యాయం చేసినట్టే. గ్రహణమంటే నీడల ఆట అని ఆర్యభటుడు క్రీస్తుశకం 499లోనే రాశాడు. రాహువు మింగడం కథ, నీడ కమ్మడం లెక్క. మన పెద్దలు రెంటినీ ఒకే ఇంట్లో ఉంచుకున్నారు. అమృతం పంచుతుండగా దేవతల వరసలో దొంగతనంగా కూర్చున్న రాక్షసుణ్ణి సూర్యచంద్రులు పట్టిచ్చారనీ, ఆ పగతో అతను పర్వదినాల్లో వాళ్ళను మింగుతాడనీ అవ్వ కథ చెబుతుంటే, పక్క గదిలో తాతయ్య అదే గ్రహణానికి స్పర్శ ఎప్పుడో, మధ్యం ఎప్పుడో, మోక్షం ఎప్పుడో ఘడియ విఘడియలతో చదివేవాడు. ఫలానా వేళకు మింగి ఫలానా వేళకు కక్కమని రాహువుకు ఎవరు చెప్పారో మాత్రం ఇద్దరూ ఆలోచించేవారు కాదు. గుళ్ళలోనూ ఈ రెండు తీర్లూ ఉన్నాయి. గ్రహణమప్పుడు తిరుమల తలుపులు మూస్తారు. రాహుకేతువుల క్షేత్రమైన శ్రీకాళహస్తిలో తలుపులు తెరిచే ఉంచి అభిషేకం చేస్తారు.

మన గడ్డ మీద పడిన సంపూర్ణ సూర్యగ్రహణాల్లో ప్రపంచ చరిత్రకెక్కింది 1868 ఆగస్టు 18 నాటిది. ఆ నీడ పడమటి తీరాన విజయదుర్గం దగ్గర మన దేశంలో అడుగుపెట్టి, బిజాపూరు మీదుగా వచ్చి, గుంటూరు దాటి, బందరు దగ్గర సముద్రంలోకి దిగింది. నెల్లూరు ఆ బాటకు కాస్త దక్షిణంగా ఉండిపోయింది. మనవాళ్ళకు దక్కింది పాక్షికమే.

ఆ గ్రహణం కోసం ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. ఇంగ్లీషు దొరల తరఫున మేజర్ టెనెంట్ బృందం కూడా ఆ ఊళ్ళోనే దిగింది. పట్టపగలు ఐదు నిమిషాలకు పైగా చీకటి. ఆ చీకట్లో సూర్యబింబం అంచున ఎగసిన ఎర్రటి జ్వాలలకేసి జాన్సెన్ వర్ణపటదర్శిని తిప్పాడు. అది వెలుగును ఇంద్రధనుస్సులా రంగులుగా విడగొట్టి చూపే పరికరం. అందులో కనిపించిన గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, వీటిని చూడడానికి గ్రహణమే అక్కర్లేదు అనిపించింది ఆయనకు. మర్నాడు పొద్దున మామూలు ఎండలో మళ్ళీ చూశాడు, కనిపించాయి! అంతదాకా గ్రహణం పట్టిన కొద్ది నిమిషాలే దొరికే దృశ్యం ఆనాటినుంచి రోజూ దొరికే దృశ్యమైపోయింది. అదే ఉపాయం లండనులో లాకియర్ అనే ఆయనకు విడిగా తట్టింది. ఇద్దరి కబురూ పారిస్‌లోని విజ్ఞాన పరిషత్తుకు ఒకే రోజున అందిందట. ఎవరు ముందని తగువులాడుకోకుండా ఇద్దరి ముఖాలూ కలిపి 1872లో ఒక పతకం పోశారు. సూర్యుడి వెలుగులోని ఓ పసుపు గీత భూమి మీద అప్పటికి ఎరిగిన ఏ మూలకానిదీ కాదని తేల్చి, హీలియం అని పేరు పెట్టడంలో లాకియర్‌ది పెద్ద పాత్ర. ఆ వాయువు భూమి మీద చేతికి చిక్కడానికి 1895 దాకా పట్టింది. పుట్టినరోజు బెలూన్లలో నింపే హీలియం కథలో మన గుంటూరుకూ వాటా ఉందన్నమాట.

ఈ జాన్సెన్ మహా పట్టుదల మనిషి. 1870లో జర్మను సేనలు పారిస్‌ను ముట్టడించి ఉంటే, గ్రహణం చూడాలని బెలూన్ ఎక్కి ఊరు దాటిపోయాడు. అంత సాహసం చేసి ఆఫ్రికాలోని ఓరాన్ చేరితే ఆ రోజున మబ్బు! పాపం, మరుసటి ఏడు మళ్ళీ గ్రహణం వెతుక్కుంటూ మన నీలగిరికే వచ్చాడు.

అంతా బాగానే ఉంది గానీ, ఆ 1868 ఆగస్టు 18 తిథి ఏమిటో లెక్క చూశారా? శ్రావణ అమావాస్య. మన పోలాల అమావాస్య! పిల్లలు చల్లగా ఉండాలని తల్లులు కందమొక్కకు పూజ చేసుకునే రోజు. గుంటూరు, బందరు ప్రాంతాల్లో ఆ పొద్దున ఒకవైపు దొరల గుడారాల్లో దుర్భిణులు సర్దుతుంటే, ఇంకోవైపు పెరళ్ళల్లో ఇల్లాళ్ళు నోము ఎప్పుడు పట్టాలి, గ్రహణం ఎప్పుడు విడుస్తుంది అని గడియలు లెక్కపెట్టుకుని ఉంటారు. చరిత్ర పుస్తకంలో జాన్సెన్ ఉన్నాడు, టెనెంట్ ఉన్నాడు. కందమొక్క ముందు పసిపిల్లను కొంగులో దాచుకుని కూర్చున్న తల్లి లేదు. నిజానికి ఆ రోజు ఎక్కువ ధైర్యం కావలసింది ఆవిడకే.

ఆ గ్రహణానికే ఒక రాజుగారి కథ కూడా ఉంది. సయాం దేశపు రాజు మోంగ్‌కుట్‌కు ఖగోళశాస్త్రమంటే ప్రాణం. గ్రహణం ఎక్కడ, ఏ వేళకు సంపూర్ణంగా కనిపిస్తుందో తానే స్వయంగా లెక్కగట్టి, వా కో అనే సముద్రతీర గ్రామంలో విడిది కట్టించి, దేశవిదేశాల అతిథులను పిలిచి, కొడుకుతో సహా తరలివెళ్ళాడు. పెళ్ళికి పిలిచినట్టు గ్రహణానికి పిలవడమన్నమాట! లెక్క తప్పలేదు, పండుగలా జరిగింది. అయితే ఆ చిత్తడి నేలలో తండ్రీకొడుకులిద్దరికీ మలేరియా సోకింది. రాజు అక్టోబరు 1న కన్నుమూశాడు. కోలుకున్న కొడుకు చులాలోంగ్‌కార్న్ పదిహేనేళ్ళకే గద్దె ఎక్కి గొప్ప రాజనిపించుకున్నాడు. మన ఊళ్ళల్లో అయితే "గ్రహణం చూశాడు, అందుకే పోయాడు" అనేసేవాళ్ళు. పాపం, దోషం దోమది.

మనవాళ్ళలోనూ చూసినవాళ్ళు లేకపోలేదు. మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారిగారు పంచాంగాలు గణించే వంశంలో పుట్టినవారు. 1868 గ్రహణానికి నక్షత్రశాల అధికారి పోగ్సన్ బందరు వెళితే, ఈయన వనపర్తిలో మకాం వేశారు. కళ్ళకు కనిపించేదానితో పంచాంగం సరిపోవాలని పట్టుబట్టి దృగ్గణిత పంచాంగం తయారుచేశారు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచినప్పుడు, ఆ వింత ఏమిటో జనానికి అర్థం కావాలని ఒక సిద్ధాంతిగారు స్నేహితులతో ముచ్చటిస్తున్నట్టుగా చిన్న పుస్తకం రాశారు. పంచాంగం వదలకుండానే దుర్భిణి పట్టుకున్న మనిషి ఆయన. మనకు కావలసిన మాదిరి అదే అనిపిస్తుంది నాకు.

ఆ పోగ్సన్ కూతురు ఐసిస్ తండ్రి దగ్గరే పని నేర్చుకుంది. 1873 నుంచి మద్రాసు నక్షత్రశాలలో లెక్కలు కట్టే ఉద్యోగం చేసింది. 1886లో తండ్రి ఆమె పేరును లండనులోని రాయల్ ఖగోళ సంఘం సభ్యత్వానికి పంపితే కుదరదన్నారు. ఎందుకయ్యా అంటే, సంఘం నియమావళిలో సభ్యుణ్ణి "అతను" అని రాశారట, "ఆమె" అని రాయలేదట! ఐసిస్‌కు ఆ సభ్యత్వం 1920లో దక్కింది. ఆనీ మాండర్ అనే మరో ఆవిడకు పెళ్ళి చేసుకున్న కారణంగా గ్రీనిచ్ నక్షత్రశాలలో ఉద్యోగం పోయింది. ఆవిడ ఊరుకోలేదు. 1898 జనవరి 22 నాటి గ్రహణానికి భర్తతో కలిసి మన దేశం వచ్చి, మహారాష్ట్ర ప్రాంతంలో తన చిన్న కెమెరాతో సూర్యకిరీటపు వెలుగు చారను ఫొటో తీసింది. అంత పొడుగాటి చార అంతకుముందు ఎవరికీ దొరకలేదు. కాపురం వల్ల ఉద్యోగం పోయినా, కళ్ళు పోలేదని నిరూపించిందన్నమాట.

ఇక మన తరానికి తెలిసిన గ్రహణం 1980 ఫిబ్రవరి 16 నాటిది. శనివారం. శివరాత్రి వెళ్ళిన రెండో రోజు, మాఘ అమావాస్య. కర్ణాటకలో ప్రవేశించిన నీడ రాయచూరు, మహబూబ్‌నగర్, నల్గొండ, ఖమ్మం మీదుగా సాగి ఒరిస్సాలో పూరీ, కోణార్క వైపు వెళ్ళింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల్-రంగాపూర్ నక్షత్రశాల సరిగ్గా ఆ బాటలో ఉంది. అక్కడ రెండు నిమిషాల పైచిలుకు పగలు రాత్రయింది. ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో సముద్రాలు దాటి వచ్చారు. ఆ బాటలోనే కాపురముంటున్న లక్షలమంది మాత్రం తలుపులు బిగించుకుని లోపల కూర్చున్నారు. బజార్లు కర్ఫ్యూ పెట్టినట్టు బోసిపోయాయని ఆనాటివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ముంగిట్లోకి వచ్చిన అతిథి ముఖం చూడకుండా తలుపేసుకున్నట్టయింది.

ఇందుకూరుపేటలో ఆ రోజు గ్రహణం సంపూర్ణం కాదు గానీ, సూర్యుడిలో చాలా భాగం మరుగైపోయింది. అప్పటికి మా అమ్మ ఐదో నెల గర్భిణి. కడుపులో ఉన్నది నేనే. కాబట్టి ఆ గ్రహణానికి నేను హాజరే, సాక్ష్యం చెప్పడానికి మాత్రం పనికిరాను. ఇదంతా మా అమ్మ నోట విన్నది.

మిగతా ఇంటిల్లిపాదీ మైపాడు సముద్రానికి తరలితే, అమ్మను లోపలి గదిలో పడుకోబెట్టి, కిటికీ సందుల్లో పాతగుడ్డలు కుక్కి, మా అవ్వ, అంటే మా నాయన తల్లి, గడపకు అడ్డంగా కూర్చుందట. "ఏమ్మే, కదలబాక. గోక్కోబాక. కత్తిపీట, సూది ఊసెత్తబాక. బిడ్డకు మొర్రి వస్తే నన్నడగబాక!" అని లోపలికి వినబడేటట్టు చెబుతూనే ఉందట. ఐదో నెల మనిషి, దాహం వేసినా నోరెత్తకుండా వెల్లకిలా పడుకుంది.

మాది పెంకుటిల్లు. మామూలు మధ్యాహ్నాల్లో పెంకుల సందులోంచి రూపాయి బిళ్ళంత గుండ్రటి వెలుగులు నేల మీద పడేవి. ఆ వేళ చూస్తే అవి గుండ్రంగా లేవు! ఒక్కోటీ ఎవరో కొరికిన అప్పచ్చిలా ఉంది. చూస్తుండగానే కొరుకు పెద్దదై, చివరికి గది నేలంతా సన్నటి నెలవంకలు పరుచుకున్నాయట. చిన్న రంధ్రంలోంచి దూరిన వెలుగు సూర్యుడి బొమ్మనే తలకిందులుగా పట్టుకొచ్చి గీస్తుందని అమ్మకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయింది, అది గ్రహణమేనని. చూడకూడదని గదిలో పెట్టి తలుపేస్తే, గ్రహణమే ఆ గదిలోకి నడిచివచ్చింది. సముద్రానికి వెళ్ళినవాళ్ళు తల వంచుకుని మునకలేసి వచ్చారు. ఆ ఇంట్లో గ్రహణాన్ని మొదటినుంచీ చివరిదాకా చూసింది అమ్మ ఒక్కతే.

కథ ఇక్కడితో అయిపోతే ముచ్చటగానే ఉండేది. కానీ ఆ సాయంత్రం నుంచి నేను పుట్టేదాకా, అంటే నాలుగు నెలలు, అమ్మ కంటినిండా నిద్రపోలేదు. చూసింది గదా! ఎవరితోనూ చెప్పుకోలేదు. పురుడు పోసిన మంత్రసాని "ఆడపిల్ల" అనగానే, ఆడపిల్లా మగపిల్లాడా అన్నది కాదు అమ్మకు కావలసింది. "పెదవి చూడమ్మా, పెదవి" అన్నదట.

"గ్రహణం మొర్రి" అని ఒక మాట ఉంది మన భాషలో. అలాంటి బిడ్డ పుడితే, ఆ పేరే తల్లి మీద నేరం మోపుతుంది. ఆ తల్లి ఏం చూసింది, ఏం కోసింది, ఎక్కడ గోక్కుంది అని ఊరంతా విచారణ. నిజమేమిటంటే, బిడ్డ పైపెదవి అతుక్కోవడం గర్భం మొదలైన ఏడు వారాలకల్లా పూర్తవుతుంది. చాలామందికి అప్పటికింకా తాము గర్భవతులమన్న సంగతే సరిగా తెలియదు. ఐదో నెలలో పట్టిన గ్రహణం ఆ పెదవిని ఏం చేస్తుంది? ప్రపంచం మొత్తం మీద సుమారు 700 కాన్పుల్లో ఒక బిడ్డకు ఈ లోపం వస్తుంది. గ్రహణం మొహం చూడని ఏడాదుల్లోనూ వస్తుంది. వంశపారంపర్యం కొంత, తల్లి వాడిన కొన్ని మందులు, పొగాకు, పోషకాల లోటు కొంత కారణాలు. ఆపరేషను చేస్తే చక్కగా అతుక్కుంటుంది. బిడ్డకు కుట్లు వేసి బాగు చేయవచ్చు గానీ, తల్లి మనసుకు తగిలిన గాటుకు కుట్లు వేసే డాక్టరు లేడు. ఇది మన ఒక్కళ్ళ పిచ్చే అనుకోకండి. ఎక్కడో భూగోళానికి అవతల మెక్సికోలోనూ గ్రహణం నాడు గర్భిణులు బట్టలకు పిన్నీసులు గుచ్చుకుంటారు, సరిగ్గా ఈ మొర్రి భయానికే. ఆడవాళ్ళ భయాలకు వీసాలు అక్కర్లేదు.

1995 నాటికి కాలం కాస్త మారింది. అక్టోబరు 23 దీపావళి, మర్నాడు పొద్దున్నే గ్రహణం. రాజస్థాన్ నుంచి బెంగాల్ దాకా సంపూర్ణం, మనకు పాక్షికం. దూరదర్శన్ వాళ్ళు ప్రత్యక్ష ప్రసారం చేస్తారన్నారు. మా వీధిలో టీవీ ఉన్న ఇళ్ళు కొన్నే. ముందురోజు కాల్చిన టపాకాయల కాగితాలు ఊడ్వకుండానే జనం మా వసారాలో చేరారు. అప్పుడొక ధర్మసందేహం వచ్చింది. టీవీలో చూస్తే దోషమా, కాదా? మా అవ్వ కాసేపు ఆలోచించి, "పెట్టెలో సూర్యుడికి వేడి లేదు గదా, దోషమేంది?" అని తీర్పు చెప్పింది. చూసి మాత్రం తలస్నానం చేసింది, ఎందుకైనా మంచిదని. నల్లటి బింబం అంచున ఒక్కసారిగా వజ్రం పొదిగిన ఉంగరంలా వెలుగు తళుక్కుమన్నప్పుడు వసారాలో ఒక్కరూ మాట్లాడలేదు. కాసేపటికి అవ్వే అంది, "ఇంత చక్కగా ఉంటుందని ఎవరన్నా చెప్పారంటే ఒట్టు" అని. పదిహేనేళ్ళ కిందట గడపకు అడ్డంగా కూర్చున్న మనిషి! అమ్మ అవ్వకేసి ఒకసారి చూసి, తల వంచుకుని నవ్వుకుంది. పెంకుల సందులో నెలవంకల సంగతి నాకు చెప్పింది ఆ రోజు రాత్రే.

ఇక ఇటీవలి ముచ్చట. 2024 ఏప్రిల్ 8న మెక్సికో నుంచి అమెరికా మీదుగా కెనడా దాకా సంపూర్ణ సూర్యగ్రహణం. టెక్సాస్‌లో డాలస్ చుట్టుపక్కల ఊళ్ళన్నీ, మనవాళ్ళు పిండివంటల కొట్లతో సహా స్థిరపడిపోయిన ఇర్వింగ్, ప్లానో, ఫ్రిస్కో అన్నీ, ఆ బాటలోకే వచ్చాయి. అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక. మనకు అర్ధరాత్రి దాటిన వేళ, అంటే క్రోధి నామ సంవత్సర ఉగాది రోజున. మా తమ్ముడి కాపురం అక్కడే. మరదలికి ఏడో నెల.

వారం ముందునుంచీ ఇక్కడ ఫోన్లే ఫోన్లు. గ్రహణం మనకు కనిపించదు గదా, మనకు పట్టింపు ఉందా అని అమ్మ పురోహితుణ్ణి అడిగింది. కనపడని గ్రహణానికి నియమాలు లేవన్నాడాయన. శాస్త్రం కూడా ఎక్కడ కనిపిస్తే అక్కడివారికే అంటుంది. అంటే ఇందుకూరుపేటలో అత్తగారికి విడుపు, టెక్సాస్‌లో కోడలికి పట్టు! మరదలు భయం భయంగా అడిగింది, "అత్తయ్యా, నన్నేం చెయ్యమంటారు? గదిలో ఉండమంటే ఉంటాను" అని.

మా అమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. నలభై నాలుగేళ్ళ కిందటి ఆ చీకటిగది గుర్తొచ్చి ఉంటుంది. "అద్దాలు పెట్టుకోమ్మా. దాహమైతే నీళ్ళు తాగు. అలిసిపోకుండా కుర్చీ వేసుకుని కూర్చో. బాగా చూడు. చూసి నాకు చెప్పు" అంది.

ఆ రాత్రి ఉగాది పచ్చడికి వేపపువ్వు ఏరి పెట్టుకుని, అమ్మా నేనూ ఫోను ముందు కూర్చున్నాం. వాళ్ళ పెరట్లో ఇరుగుపొరుగు తెలుగువాళ్ళంతా చేరారు. ఒకావిడ పులిహోర తెచ్చింది, ఇంకొకావిడ గ్రహణం విడిచేదాకా దాని మూత తియ్యనివ్వలేదు. పట్టూ విడుపూ పక్కపక్కనే! పిల్లలు చిల్లుల గరిట పట్టుకుని నేలమీద నెలవంకలు రాలుస్తున్నారు. తరువాత వెలుగు బూడిదరంగుకు తిరిగింది. వీధిదీపాలు వాటంతటవే వెలిగాయి. ఫోనులో కనిపించింది మసక మసకగా ఒక చుక్కంతే. వినిపించింది మాత్రం స్పష్టంగా, ఆ పెరటినిండా ఒకేసారి లేచిన కేక. అమ్మ తెరమీద కాక మరదలి ముఖంకేసే చూస్తోంది. దాదాపు నాలుగు నిమిషాలు. మరదలు ఏడుస్తూ నవ్వుతోంది. రెండు నెలలకు బిడ్డ పుట్టింది. అమ్మ ఈసారి అడిగిన మొదటి ప్రశ్న "తల్లి ఎట్లా ఉంది?" అని.

సంపూర్ణ గ్రహణంలో మనుషులను అంతగా కదిలించేది సూర్యుడి చుట్టూ తెల్లటి జడలా పరుచుకునే కిరీటం. మామూలుగా సూర్యుడి తేజస్సులో అది మరుగునపడి ఉంటుంది. ఆ కిరీటాన్ని గ్రహణం లేకుండానే చూడడానికి ఆదిత్య-ఎల్1 అనే ఉపగ్రహాన్ని మనవాళ్ళు 2023 సెప్టెంబరు 2న పంపారు. ఎక్కడినుంచి? మా నెల్లూరు తీరానికి దక్షిణపు కొసన ఉన్న శ్రీహరికోట నుంచి. 2022 దాకా అది నెల్లూరు జిల్లాలోదే, ఇప్పుడు తిరుపతి జిల్లా. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఆ ఉపగ్రహంలోని పరికరం చిన్న బిళ్ళతో సూర్యబింబాన్ని మరుగుపరచి, చుట్టూ ఉన్న కిరీటాన్ని చూస్తుంది. గ్రహణం చేతికే చిక్కిందన్నమాట! ఆ పరికరం బెంగుళూరులోని భారత ఖగోళభౌతిక సంస్థ తయారుచేసింది. గ్రహణానికి తలుపులేసుకున్న తీరంలోనే, రాకెట్టు ఎగిరే వేళకు ఆడవాళ్ళు చంటిపిల్లల్ని చంకనేసుకుని మిద్దెలెక్కుతున్నారు.

అయితే భయపడవలసింది అసలేమీ లేదని మాత్రం అనకండి. ఉంది, అది కళ్ళకు. కాస్త మిగిలిన సూర్యుణ్ణి నేరుగా చూసినా కంటి లోపలి పొర కాలిపోతుంది. నొప్పి తెలియదు, చూపు పోయాకే తెలుస్తుంది. ఫొటో ఫిల్ములు, ఎక్స్‌రే కాగితాలు, మసిపట్టిన అద్దాలు, పసుపునీళ్ళ పళ్ళెంలో ప్రతిబింబం, ఇవేవీ పనికిరావు. ఇందుకోసం తయారుచేసిన అద్దాలే పెట్టుకోవాలి. సూర్యుడు పూర్తిగా మరుగైన ఆ కాసిని నిమిషాలే విడి కళ్ళతో చూడదగ్గవి. పాక్షిక గ్రహణంలో ఆ నిమిషాలు రానే రావు. అద్దాలు లేకపోతే ఇబ్బంది లేదు. సూర్యుడికి వీపు పెట్టి, జల్లెడో, చిల్లుల గరిటో ఎత్తి పట్టుకుని నేలకేసి చూడండి. వేపచెట్టు నీడ ఉంటే అదీ అక్కర్లేదు, ఆకుల సందులన్నీ మీకోసం నెలవంకలు రాలుస్తాయి.

2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా వలయాకార గ్రహణం వస్తోంది. మన నెల్లూరు వైపు పాక్షికంగా కనిపిస్తుంది. 2034 మార్చి 20న కాశ్మీర్, లడఖ్ ప్రాంతాల మీదుగా సంపూర్ణ గ్రహణం. తీర్థయాత్రలకు డబ్బు దాచుకునేవాళ్ళు దానికి కూడా కొంచెం దాచుకోండి. పట్టు స్నానం చెయ్యాలనుకునేవాళ్ళు నిక్షేపంలా చెయ్యండి, దర్భలు వెయ్యండి, రోకలి నిలబెట్టండి, రాహువు కథ పిల్లలకు తప్పకుండా చెప్పండి. కథ విన్నాక వాళ్ళను పెరట్లోకి తీసుకుపోయి చూపించండి. ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంటే, ఆమె కుర్చీ అందరికంటే ముందు వెయ్యండి.